పూజగది పట్టెలకు ఏ మాస్కింగ్ టేపు? మా తిరుపతి ఇంట్లో నాలుగు రకాలు వాడి చూశాక

మాస్కింగ్ టేపు అంటే రంగు పడకూడని చోట అంటించి, రంగు వేశాక పీకేసే కాగితం టేపు. ఏది కొనాలో ముందే చెప్పేస్తా. ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ రంగు) వేసిన లోపలి గోడకైతే నీలం రంగు పెయింటర్స్ టేపు కొనండి. గేటుకూ కిటికీ గ్రిల్లుకూ అయితే కార్లకు రంగేసే షెడ్లలో వాడే రకం తీసుకోండి. స్విచ్ బోర్డు చుట్టూ, నేల టైల్స్ అంచుకు, అంటే పొద్దున అంటించి సాయంత్రంలోపు పీకేసే పనికైతే మామూలు లేత పసుపు టేపు చాలు. సున్నం కొట్టిన గోడకు మాత్రం ఏ టేపూ వద్దు. తొందరలో ఉన్నవాళ్లకు ఇది చాలు. ఎందుకో తెలుసుకోవాలంటే మిగతాది కూడా చదవండి, ఎందుకంటే ఈ నాలుగు ముక్కలు తెలియక మా పూజగది గోడకు ఒకటికి రెండుసార్లు పుట్టీ పెట్టించాల్సి వచ్చింది, ఆ ఖర్చూ ఆ టెన్షనూ ఇంకొకరికి రాకూడదని ఇంత వివరంగా రాస్తున్నా.

మాది ఎమ్మార్ పల్లి. నాయన కట్టించిన పాత ఇల్లు, ఇద్దరం కూతుళ్లం అందులోనే పెరిగాం. ఈ వేసవిలో పూజగదికి రంగులు వేయించాలనుకున్నప్పుడు అమ్మ ఒకటే అడిగింది, దేవుడి పటాలు పెట్టే గోడకు కింద మూడు అడుగుల ఎత్తు వరకు గుడి ప్రహరీకి ఉన్నట్టు కావి, తెలుపు పట్టెలు కావాలని. వాళ్ల పుట్టింట్లో పండక్కి అరుగుకు ఎర్రమన్ను పూసి, సున్నంతో పట్టెలు తీసేవాళ్లట. మంచి కోరికే కదా, అందులో కష్టమేముంది, టేపు అంటించి మధ్యలో రంగు నింపడమే కదా అనుకున్నా. గోడ వెడల్పు ఆరు అడుగులు, ఒక్కో పట్టె నాలుగు అంగుళాలు, మొత్తం 18 పట్టెలు, తొమ్మిది కావి, తొమ్మిది తెలుపు. ముందు గోడంతా తెలుపు వేసి, ఆరాక తెల్ల పట్టెల అంచుల మీద టేపు అంటించి, మిగిలిన ఖాళీల్లో కావి రంగు వేయాలి. లెక్క సులువుగానే ఉంది.

మొదట కొన్నది మా వీధి చివర హార్డ్‌వేర్ షాపులో. అంగుళం వెడల్పు, 20 మీటర్లు అని అట్ట మీద రాసి ఉంది, రోల్ 30 రూపాయలు. బ్రాండ్ పేరు రాయను, ఆ మాటకొస్తే అది ఆ టేపు తప్పొక్కటే కాదని తర్వాత తెలిసింది కూడా. ఏప్రిల్ చివరి వారం, పెయింటర్ అన్న టేపులన్నీ అంటించి, రెండు పట్టెలకు రంగేసి, ఇంకో చోట ఒప్పుకున్న పని అర్జెంటుగా పూర్తి చేయాలని వెళ్లి మూడు రోజులు రాలేదు. మా పూజగదికి పడమటి వైపు చిన్న కిటికీ ఉంది, మధ్యాహ్నం మూడు దాటాక ఎండ సరిగ్గా ఆ గోడ మీదే పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు, 40 డిగ్రీలు దాటిన రోజుల్లో గోడ మీద చెయ్యి పెడితే సాయంత్రం ఆరింటికి కూడా కాలుతుంది.

మూడో రోజు నేనే పీకడం మొదలుపెట్టా. మొదటి టేపు అరజానెడు వచ్చి తెగింది. మళ్లీ గోరుతో అంచు లేపితే ఇంకో రెండంగుళాలు, మళ్లీ తెగింది. కాగితం వస్తోంది, జిగురు గోడకే ఉండిపోతోంది, తాకితే బంకబంకగా చేతికి అంటుకుంటోంది. కిటికీకి దూరంగా ఉన్న వైపు టేపు తెగకుండా వచ్చింది కానీ దాంతో పాటు తెల్ల రంగూ, దాని కింద పుట్టీ కూడా అరచేయంత పెచ్చులుగా ఊడి వచ్చాయి. అమ్మ ఏమీ అనలేదు, చీపురు తెచ్చి కింద పడిన పెచ్చులు ఊడ్చేసి వెళ్లిపోయింది. ఆమె ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ బాధేసింది.

మరుసటి రోజు పెయింటర్ అన్న వచ్చి చూసి, ఆ పెచ్చును చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి బొటనవేలితో రుద్దాడు. తెల్లగా పిండి రాలింది. "అక్కా, ఇది టేపు ఒక్కదాని తప్పు కాదు. లోపల గోడకే పట్టు లేదు. ముందు చేసినోళ్లు పుట్టీ మీద ప్రైమర్, అదే పట్టు కోసం రంగుకు ముందేసే కోటు, కొట్టకుండా రంగేసినారు. పట్టు లేని గోడకి ఏం అంటించినా అది ఊడే వస్తాది," అన్నాడు. ఎండ తగిలే వైపు చూపించి, "ఈడ మాత్రం టేపుదే తప్పు. ఇది ఒకపూట టేపు అక్కా, మూడు దినాలు ఎండలో పెడితే ఎట్లుంటాది?" అన్నాడు. ఒకే గోడ మీద, ఒకే టేపుతో రెండు వేరువేరు నష్టాలు, వాటికి రెండు వేరువేరు కారణాలు. దీన్ని అర్థం చేసుకున్నాకే నాకు టేపు కొనడం వచ్చింది.

ఎలాగంటే, ఈ టేపులో ఉండేవి రెండే, ముడతలు పెట్టిన కాగితం ఒకటి, దాని వెనక జిగురు ఒకటి. కాగితానికి ఆ సన్న ముడతలు ఎందుకంటే కాస్త సాగడానికి, చేత్తో చించడానికి. మామూలు రకానికి వాడే జిగురు ఎక్కువగా రబ్బరు జాతిది. అది అంటించగానే బాగా పట్టుకుంటుంది, రేటు కూడా తక్కువ పడుతుంది, కానీ వేడికి మెత్తబడి గోడకున్న సన్న రంధ్రాల్లోకి దిగుతుంది. ఎండ నేరుగా తగిలితే కొన్ని రోజులకు ఎండి గట్టిపడుతుంది, అప్పుడు కాగితానికి దానికి సంబంధం తెగిపోతుంది. గంటలు గడిచేకొద్దీ దాని పట్టు పెరుగుతుందే తప్ప తగ్గదు. అందుకే ఈ రకాన్ని 24 గంటల్లోపు తీసేయాలంటారు. మన ఎండలకైతే నేను ఆ 24 గంటలు కూడా ఇవ్వను, అదే పూట తీసేయండి. నీలం టేపుల్లో ఎక్కువగా యాక్రిలిక్ జిగురు వాడతారు, పట్టు మొదట కాస్త తక్కువగా అనిపిస్తుంది, కానీ ఎండకూ వేడికీ తట్టుకుంటుంది, రోజులు గడిచినా గోడను వదిలిపెడుతుంది. "గట్టిగా అంటుకునేది ఇవ్వండి" అని షాపులో అడగడం ఎంత పొరపాటో నాకు అప్పుడు తెలిసింది. గోడ టేపుకు కావాల్సింది చక్కగా ఊడి రావడం.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి చదివాను. అసలు ఈ టేపు పుట్టిందే మా గోడకు వచ్చిన సమస్య నుంచి. 1920లలో అమెరికాలో రెండు రంగుల కార్లు ఫ్యాషన్. ఒక రంగు వేసి, దాని మీద కాగితం అతికించి, రెండో రంగు వేసేవాళ్లు, ఆ కాగితం పీకితే మొదటి రంగు కూడా పెచ్చులుగా లేచి వచ్చేది. త్రీఎం అప్పట్లో ఉప్పు కాగితం చేసే కంపెనీ. అక్కడ పనిచేసే రిచర్డ్ డ్రూ అనే కుర్రాడు ఉప్పు కాగితం పరీక్షించడానికి కార్ల షెడ్డుకు వెళ్లినప్పుడు ఆ పెయింటర్ల అవస్థ చూసి, 1925లో ఈ ముడతల కాగితం టేపు తయారుచేశాడు. అంటే వందేళ్ల కింద ఆయన వెతికింది కూడా గట్టిగా అంటుకునే జిగురును కాదు, రంగును పాడుచేయకుండా వదిలే జిగురును.

సరే, రెండోసారి. పాత పుట్టీ గీకించి, కొత్త పుట్టీ పెట్టించి, ఉప్పు కాగితం కొట్టించి, ప్రైమర్ నా కళ్ల ముందు వేయించి, తెల్ల ఎమల్షన్ రెండు కోట్లు వేయించా. వేసిన రోజే టేపు అంటించొద్దు. ఒకరోజు ఆరితే చాలని డబ్బాల మీద ఉంటుంది, మేము వారం ఆగాం, ఆ వారం ఆగడం వృథా కాలేదు. టేపు ఈసారి త్రీఎం నీలం రకం, ఆన్‌లైన్‌లో తెప్పించా. మామూలు టేపుకు పది రెట్లకు పైనే పడింది, అది చూసి నాయన మొదట ఒప్పుకోలేదు. పుట్టీ మళ్లీ పెట్టించడానికి ఎంతయిందో లెక్క చెప్పాక మారు మాట్లాడలేదు. ఈ రకాన్ని 14 రోజుల వరకు ఉంచి తీసినా గోడకు ఏమీ కాదని కంపెనీ చెబుతుంది. మేము ఉంచింది నాలుగు రోజులు, అదే పడమటి కిటికీ ఎండలో. పీకితే ఒక్కచోట కూడా తెగలేదు, జిగురు మరక లేదు, తెల్ల రంగు మీద గీత కూడా పడలేదు.

ఎంత టేపు కావాలో కూడా చెప్తా, చాలామంది రెండు మూడు రోల్స్ అదనంగా కొనేస్తారు. 18 పట్టెల మధ్య గీతలు 17. ఒక్కోటి మూడు అడుగులు, అంటే 51 అడుగులు. పైన అడ్డంగా ఒక గీత ఆరు అడుగులు. మొత్తం 57 అడుగులు, అంటే దాదాపు పదిహేడున్నర మీటర్లు. 20 మీటర్ల రోల్ ఒకటి సరిపోతుంది, కానీ సరిగ్గా సరిపోతుంది, చేతికి అంటుకుని పాడైన ముక్కలకు మిగలదు, కాబట్టి పక్కన ఇంకో రోల్ ఉంచుకోండి. ఇంకో సంగతి, చౌక రోల్స్‌లో అట్ట మీద రాసినంత పొడవు ఉండకపోవచ్చు. నేను మొదట కొన్నది మా హాల్లో పరిచి కొలిచా, రెండు మీటర్లకు పైగా తక్కువ వచ్చింది. వెడల్పు విషయానికొస్తే అంచు గీతకు 24 మిల్లీమీటర్లది చాలు, తెల్ల పట్టె మధ్యలో మిగిలే రెండంగుళాల ఖాళీకి న్యూస్‌పేపరు కత్తిరించి టేపు కిందికి తోసేశాం. ఆ ఖాళీ కోసం వెడల్పు టేపు కొనడం డబ్బు దండగ.

గీత తిన్నగా రావడానికి మా పెయింటర్ అన్న పాత పద్ధతే వాడాడు. పొడి రంగు పూసిన దారాన్ని పైనుంచి కిందికి బిగబట్టి, మధ్యలో రెండు వేళ్లతో లాగి వదిలితే గోడ మీద టక్కున సన్నటి గీత పడుతుంది. ఆ గీత వెంబడి టేపు. గీత పడ్డాక మిగిలిన పొడిని గుడ్డతో దులపాలి, లేకపోతే టేపు ఆ పొడికి అంటుకుంటుంది తప్ప గోడకు కాదు. టేపును సాగదీసి అంటించకూడదు, సాగదీస్తే రాత్రికి అది మళ్లీ ముడుచుకుని అంచులు లేస్తాయి. రోల్‌ను గోడకు దగ్గరగా పెట్టి కొంచెం కొంచెంగా విప్పుకుంటూ, వెనకాలే వేలితో నొక్కుకుంటూ రావాలి.

ఇక అసలు గుట్టు. నీలం టేపు వేసినా కావి రంగు అంచు కిందికి పారి తెల్ల పట్టె మీద చీమల బారులా చారలు పడే అవకాశం ఉంది, ఎందుకంటే రోలర్ వేసిన గోడ నున్నగా ఉండదు, సన్నటి గుంటలు ఉంటాయి, రంగు వాటిల్లోంచి దారి చేసుకుంటుంది. దీనికి రెండు పనులు చేయాలి. మొదటిది, టేపు అంచు మొత్తాన్ని పాత ఏటీఎం కార్డుతోనో పుట్టీ బ్లేడుతోనో ఒకసారి గట్టిగా రుద్దాలి. రెండోది నాకు చాలా నచ్చింది, కావి వేసే ముందు అదే తెల్ల రంగును టేపు అంచు మీద పలచగా ఒక చేయి వేయాలి. పారేది ఏదైనా ఉంటే ఆ తెల్ల రంగే పారి గుంటలు మూసేస్తుంది, తెలుపు మీద తెలుపు కాబట్టి కనపడదు. అది ఆరాక కావి వేస్తే దానికి పారే దారి ఉండదు. ఈ పనికి అదనంగా ఒక గంట పట్టింది. దీనివల్ల 17 గీతల్లో 15 గీతలు కత్తితో కోసినట్టు వచ్చాయి. మిగతా రెండూ మూలకు దగ్గర, అక్కడ కార్డుతో సరిగ్గా రుద్దలేదు, సన్న బ్రష్‌తో సరిచేశాం. రంగు వేసేటప్పుడు కూడా బ్రష్‌ను టేపు మీదినుంచి పట్టె లోపలికి లాగాలి, పట్టె లోపలినుంచి టేపు అంచుకేసి తోయకూడదు. బ్రష్‌కు రంగు తక్కువ పట్టించాలి, ఒక మందపు కోటు కన్నా రెండు పలచటి కోట్లు మేలు.

పీకే వేళ కూడా ముఖ్యమే. రెండో కోటు వేశాక వేలికి అంటకుండా, కానీ పూర్తిగా గట్టిపడకుండా ఉన్నప్పుడు తీయాలి, మాకు ఎమల్షన్ అరగంట, ముప్పావు గంటకు ఆ స్థితికి వచ్చింది. టేపును నేరుగా మన వైపుకు లాగకుండా, వెనక్కి మడిచినట్టు ఏటవాలుగా పట్టుకుని నిదానంగా లాగాలి. ఆలస్యమై రంగు గట్టిపడిపోతే అంచు వెంట కట్టర్‌తో సుతారంగా ఒక గీత గీసి అప్పుడు లాగండి, లేకపోతే కావి రంగు పొర టేపుతో పాటు సాగి లేస్తుంది. మేము చివరి కోటు పొద్దున ఏడింటికే మొదలుపెట్టి, తొమ్మిదిన్నరకల్లా టేపులన్నీ తీసేశాం, గోడ వేడెక్కకముందే. మా నాలుగు రోజుల్లో మూడు రోజులు కరెంటు పనీ, మిగతా గదుల పనీ అడ్డొచ్చి గడిచాయి, ఆ పరిస్థితి మీకూ రావచ్చు, అందుకే గోడకు నీలం టేపే వాడండి అంటున్నా.

పట్టెల పైన అరంగుళం బంగారు గీత ఒకటి అమ్మకు తర్వాత తోచింది. దానికి వాషి టేపు అని జపాన్ రకం పలచటి కాగితం టేపు వాడాను, స్టేషనరీ షాపుల్లో పిల్లల క్రాఫ్ట్ పనులకు అమ్మే బొమ్మల టేపు కాదు, పెయింటర్ల కోసం చేసేది. ఇది చాలా పలచన, అందుకే రంగు అంచు మందంగా గట్టులా లేవకుండా గోడతో కలిసిపోయినట్టు వస్తుంది. సన్న గీతలకు ఇంతకన్నా మంచిది నేను చూడలేదు. కానీ నున్నటి గోడకే, గరుకు గోడకు దీని పట్టు చాలదు. ఇదే గోడలో ఒక దీపం గూడు ఉంది, పైన కమాను ఆకారం. ఆ వంపుకు నీలంగానీ వాషిగానీ సరిగ్గా వంగలేదు. అక్కడ ముడతలు ఎక్కువున్న అరంగుళం మామూలు టేపే పనికొచ్చింది, లోపలి అంచు నొక్కుతూ బయటి అంచు సాగదీస్తూ పోతే కమాను చుట్టూ చక్కగా తిరిగింది, రెండు గంటల్లో రంగు వేసి తీసేశాం, ఏ ఇబ్బందీ రాలేదు. ఆ రకాన్ని దాని పనికి వాడుకుంటే అది మంచి టేపే.

గేటు సంగతి. ఇనుప గేటుకు నలుపు, పైన ఈటెల మొనలకు బంగారు రంగు, రెండూ ఎనామిల్, అంటే ఇనుముకూ చెక్కకూ వేసే నూనె రంగు. దీనికి పెయింటర్ అన్న రేణిగుంట రోడ్డు షెడ్ల వైపునుంచి కార్లకు వాడే టేపు తెచ్చాడు. కార్ల రంగును వేడి గదిలో ఆరబెడతారు కాబట్టి ఈ టేపులు 80 డిగ్రీల దాకా తట్టుకునేలా చేస్తారు, గేటు మీద మే నెల ఎండ దానికి లెక్కలోది కాదు. థిన్నర్ కలిపిన రంగు తడికి కూడా కాగితం నానలేదు. ఇనుము మీద పని అద్భుతంగా ఉంది, దీన్ని మాత్రం లోపలి గోడకు వాడొద్దు, దాని పట్టుకు ఎమల్షన్ తట్టుకోలేదు. నేను పూజగది తలుపు వెనక చిన్న ముక్క అంటించి చూశా, గంటకే రంగు పొర లేచింది.

కొనేటప్పుడు చూడాల్సినవి. రంగు చూసి మోసపోవద్దు, మామూలు రబ్బరు జిగురు టేపునే నీలం కాగితంతో చేసి అమ్ముతున్నారు. అట్ట మీద గానీ రోల్ లోపల గానీ ఎన్ని రోజుల్లో తీయాలో రాసి ఉందా చూడండి, రాసి లేకపోతే దాన్ని ఒకపూట టేపు అనే అనుకోండి. రోల్ పక్క వైపు వేలితో తడమండి, బంకగా తగిలినా, దుమ్ము పట్టి నల్లగా ఉన్నా, నొక్కుకుపోయి ఉన్నా పక్కన పెట్టేయండి, ఆ దెబ్బతిన్న అంచే రేపు మీ గోడ మీద గీత అవుతుంది. షాపు ముందు గుమ్మానికి దండల్లా వేలాడదీసిన రోల్స్ అస్సలు కొనొద్దు, అవి ఎన్ని ఎండలు తిన్నాయో. నాకు తిలక్ రోడ్డులో ఒక పెయింట్ల షాపు ఆయన ఎంతో ఓపిగ్గా సమాధానం చెప్పారు, "ఏ గోడమ్మా, లోపలా బయటా, పాత రంగేంటి, ఎన్ని రోజులు ఉంచుతారు" అని ముందు ఆయనే అడిగారు. టేపు అడిగితే గోడ గురించి అడిగే షాపు దొరికితే దాన్ని వదులుకోకండి. ఆ రోజు ఆయన దగ్గర నీలం రకం స్టాక్ లేదు, అందుకే ఆన్‌లైన్‌కు వెళ్లా. వాషి రకం ఆయనే తెప్పించి ఇచ్చారు.

కొన్నాక కూడా ముందు చిన్న పరీక్ష. అరచేత్తో గోడను రుద్దండి. చేతికి పౌడరు రాసుకున్నట్టు తెల్లగా అంటితే అది సున్నమో, పాత డిస్టెంపరో, ప్రైమర్ లేని గోడో అయ్యుంటుంది, టేపు నిలవదు, నిలిచినా గోడను నిలవనివ్వదు. చేతికి ఏమీ అంటకపోతే ఒక జానెడు టేపు కనపడని చోట అంటించి, గట్టిగా రుద్ది, మర్నాడు పీకి దాని వెనక చూడండి. శుభ్రంగా ఉంటేనే పనిలోకి దిగండి. మా కింది గదిలో 2021 నవంబరు వానలకు తిరుపతిలో వీధులన్నీ నీళ్లయినప్పుడు తడిసిన గోడ ఒకటుంది, ఇప్పటికీ వానాకాలం వస్తే అడుగు భాగంలో ఉప్పు పూసినట్టు తెల్లగా పొంగుతుంది. అక్కడ నాలుగు రకాలూ అంటించి చూశా, ఏదీ ఒక రాత్రి నిలవలేదు, కారు టేపు కూడా పొద్దుటికి కింద పడి ఉంది. తడి గోడకు ముందు తడి పోయే మార్గం చూడాలి, టేపు సంగతి తర్వాత. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు కాబట్టి, ఇలాంటి పట్టెల పని పెట్టుకునేవాళ్లు ఆ నెలలు తప్పించండి. నడివేసవి కన్నా సంక్రాంతి తర్వాత, ఫిబ్రవరిలో చేయించుకుంటే ఇంకా నయం, నేను ఇంకోసారి చేస్తే అప్పుడే చేస్తా.

బ్రౌన్ ప్యాకింగ్ టేపు, సెల్లో టేపు, కరెంటు పనివాళ్ల ఇన్సులేషన్ టేపు, ఇవి ఇంట్లో ఉన్నాయి కదా అని గోడకు వాడేవాళ్లున్నారు. దయచేసి వద్దు. ప్లాస్టిక్ మీద రంగు ఇంకదు, జారి అంచులోకే చేరుతుంది, పీకితే ప్యాకింగ్ టేపు గోడను ఎలా వదులుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇప్పటికే జిగురు మిగిలిపోయి ఉంటే, టైల్స్ మీద, కిటికీ అద్దం మీద అయితే కొబ్బరినూనె గానీ నీలగిరి తైలం గానీ రాసి పది నిమిషాలు ఆగి గుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది. ఎమల్షన్ గోడ మీద నూనె రాయొద్దు, మరక ఇంకిపోతుంది, దాని మీద మళ్లీ రంగు పట్టదు. థిన్నర్ అసలే వద్దు. హెయిర్ డ్రయర్‌తో దూరంగా కాస్త వేడి చూపించి, జిగురు మెత్తబడ్డాక వేలితో ఉండలు చుట్టినట్టు తీయాలి. మిగిలిన సగం రోల్స్‌ను దుమ్ము పట్టకుండా కవర్లో వేసి, మూతి కట్టి, నీడలో పడుకోబెట్టి ఉంచండి. మేడ మీద రేకుల గదిలో పెట్టొద్దు.

మార్కులు అడిగితే, నీలం టేపుకు ఐదుకు నాలుగున్నర, రేటు వల్ల అర తగ్గించా. వాషికి నాలుగు. కారు టేపుకు ఇనుము మీద ఐదు. మామూలు టేపుకు దీపం గూడు దగ్గర మూడు, ఎండ గోడ మీద సున్నా.

నీలం రోల్‌లో రెండు మీటర్ల చిల్లర మిగిలింది. మొన్న ఆదివారం పుత్తూరు నుంచి మా చెల్లెలు వచ్చి, పట్టెలు చూసి, అత్తగారింట్లో అరుగు గోడకు తనూ వేయిస్తానని ఆ మిగిలిన రోల్ చేతిలోకి తీసుకుంది. వాళ్లది ఏటా సున్నం కొట్టే గోడ. రోల్ వెనక్కి తీసేసుకుని, పెయింటర్ అన్న మా ఇంట్లో వదిలేసిన దారం ఉండ ఇచ్చి పంపించా. గీత కొట్టుకుని, కావిని బ్రష్‌తో చేత్తోనే నింపుకోమని, అంచులు కాస్త వంకర వచ్చినా అరుగుకు అదే అందం అని చెప్పా.